పాట వెనుక పది వ్రేళ్లు

రికార్డు తిరుగ నారంభించును. గాయని యింకను గొంతు విప్పలేదు. ముందుగా పియానోపై ఒక చిన్న స్వరగుచ్ఛము వినవచ్చును. కొలది క్షణములలో అది ముగియును. ముగిసిన చోటనే క్రిస్టల్ గేల్ కంఠము అందుకొనును. 1977లో వెలువడి, అమెరికా కంట్రీ సంగీతపు పట్టికలో ప్రథమస్థానమును, అన్ని తరగతుల పాటలు చేరిన పట్టికలో ద్వితీయస్థానమును పొందిన ‘డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ’ అను పాట అట్లు మొదలగును. దానిని విన్న లక్షలాది జనులకు గాయని పేరు తెలియును. కొందరికి రచయిత రిచర్డ్ లీ పేరు కూడ తెలియును. ఆ మొదటి స్వరములు ఎవరివని అడిగినచో మాత్రము చాలమంది తెల్లబోవుదురు.

అవి హార్గస్ రాబిన్స్ అను వాద్యకునివి. గోధుమవన్నె కన్నులు నీలవర్ణము దాల్చుటను గూర్చిన ఆ పాటకు నాంది పలికిన మనిషి శైశవముననే చూపు కోల్పోయినవాడు. అర్ధశతాబ్దికి పైగా అతడు ఇతరుల పాటలకు పియానో వాయించెను. ఆ పాటలలో గాయకుల పేర్లు ఊరూర మారుమ్రోగినవి. అతని పేరు చిరకాలము స్టూడియో గోడలు దాటలేదు.

మన సంగీతసభలలో గాయకుని ప్రక్కన ఫిడేలు విద్వాంసుడును, మృదంగ విద్వాంసుడును కూర్చుందురు. వారి పేర్లు ఆహ్వానపత్రికపై అచ్చగును. తని ఆవర్తనము ముగిసినంతనే సభ చప్పట్లతో వారిని వేరుగా గౌరవించును. రికార్డింగు స్టూడియోలో ఆ మర్యాద లేదు. అచ్చట వినువారు ఎదుట నుండరు. వాయించువాడు ఎవరికిని కనబడడు. పాట పూర్తికాగానే అతడు కూలి పుచ్చుకొని తరువాతి స్టూడియోకు పోవును. అట్టి జీవితములో కళాకారునికి దక్కునదేమి అను ప్రశ్నకు రాబిన్స్ చరిత్ర ఒక సమాధానము.

చాకు, చీకటి, పాఠశాల

హార్గస్ మెల్విన్ రాబిన్స్ 1938 జనవరి 18వ తేదీన టెనెసీ రాష్ట్రమందలి స్ప్రింగ్ సిటీ అను చిన్న ఊరిలో జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి చాకు వలన జరిగిన ప్రమాదములో అతని కన్ను దెబ్బతినెను. తరువాత రెండవ కంటి చూపును పోయెను. లోకమును సరిగా చూడకముందే లోకము మరుగయ్యెను.

ఆ బిడ్డను తలిదండ్రులు రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లోని అంధుల పాఠశాలకు పంపిరి. అచ్చట ఏడవయేట అతడు పియానో నేర్వ నారంభించెను. పాఠశాలలో చెప్పినది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము. వ్రేళ్లను ఏ మెట్టుపై ఎట్లుంచవలెనో, ఏ స్వరమును ఎంత బరువుతో నొక్కవలెనో ఆ శిక్షణ నేర్పెను. ఆ క్రమశిక్షణయే తరువాతి కాలమున అతని చేతులకు పటుత్వము నిచ్చినది. కాని బాలుని చెవి మరొక దిక్కున కూడ ఉండెను. నాష్‌విల్ నగరము 1925 నుండి శనివారపు రాత్రులలో ‘గ్రాండ్ ఓల్ ఆప్రి’ అను కంట్రీ సంగీతసభను రేడియో ద్వారా దేశమునకు వినిపించుచున్న నగరము. ఆ ఊరి గాలిలోనే ఆ పాటలుండెను. శాస్త్రీయ పాఠము పాఠశాల నేర్పునది. రేడియో పాట తనకు తానై చెవిలో దూరునది. బాలుడు రెంటిని విడువలేదు.

అనుమతి లేని వేళలలో కూడ పియానో వాయింపవలెనని అతనికి ఆశ. తలుపున పోవుటకు వీలు లేనప్పుడు, అగ్నిప్రమాదము సంభవించినపుడు దిగుటకై భవనమునకు వెలుపల అమర్చిన దారిలో దూరి అతడు పియానోను చేరుచుండెను. ఆ దారి నిండ దుమ్ము, మసి. తిరిగివచ్చునప్పటికి బట్టలు, ఒళ్లు మురికియై యుండెడివి. పాఠశాల పర్యవేక్షకుడొకడు అది చూచి పందివలె ఉన్నావని అతనికి ‘పిగ్’ అని పేరు పెట్టెను. గేలిగా పుట్టిన ఆ పేరు జీవితాంతము నిలిచిపోయెను. ఆ పేరు ఎట్లు వచ్చినదని ఎవరైన అడిగినచో అతడు చిన్నబుచ్చుకొనక ఈ కథనే చెప్పుచుండెను.

ఉపాధ్యాయులు ఒక్కక్షణము నిలిచి యోచింపదగిన సంగతి యిది. ఆ బాలునికి విద్య ఇచ్చినదియు పాఠశాలయే. ఆ విద్యను నియమము మీరి వెదకుకొనవలసిన పరిస్థితి కల్పించినదియు పాఠశాలయే. బోధించిన గంటలు ఎంత విలువైనవో, దొంగతనముగా సంపాదించుకొన్న గంటలును అంత విలువైనవైనవి. మొదటివి వ్రేళ్లను దిద్దెను. రెండవవి చెవిని స్వతంత్రము చేసెను. రే చార్లెస్ వంటి అంధ గాయకుని పియానోబాణీయు, నాష్‌విల్‌లో పేరు మ్రోగుచున్న ఫ్లాయిడ్ క్రేమర్ బాణీయు అతనికి వెలుపలి గురువులైనవి.

మూడు గంటల కొలువు

రాబిన్స్ పెద్దవాడగునప్పటికి నాష్‌విల్ నగరము మారుచుండెను. ఓవెన్ బ్రాడ్లీ, హెరాల్డ్ బ్రాడ్లీ అను సోదరులు 1950వ దశకము నడుమ పదునారవ వీధి ప్రాంతమున ఒక ఇల్లు కొని, దాని వెనుక సైన్యము వాడు అర్ధచంద్రాకారపు రేకుల షెడ్డు నొకదానిని నిలిపి స్టూడియోగా మార్చిరి. 1957లో ఆర్.సి.ఏ. సంస్థ సమీపముననే మరొక స్టూడియో కట్టించెను. ఈ ప్రాంతమే క్రమముగా ‘మ్యూజిక్ రో’ యను పేరుతో ప్రసిద్ధికెక్కెను.

అదే కాలమున కంట్రీ సంగీతము ఆపదలో పడెను. ఎల్విస్ ప్రెస్లీతో రాక్ అండ్ రోల్ సంగీతము దేశమును ఊపివైచుచుండెను. పల్లెటూరి ఫిడేలును, బాంజోను వినువారు తగ్గుచుండిరి. ఓవెన్ బ్రాడ్లీ, చెట్ అట్కిన్స్ అను నిర్మాతలు ఒక ఉపాయము పన్నిరి. ఫిడేలు, స్టీలు గిటారుల పదును తగ్గించి, పియానోను, వాయులీన బృందమును, మెత్తని కోరస్సును ముందుకు తెచ్చిరి. దీనికే ‘నాష్‌విల్ సౌండ్’ అని పేరు. పాత సంప్రదాయమును పలుచన చేసిరని దానిని నిందించినవారు ఉన్నారు. ఆ సంగీతము బ్రతికి బట్టకట్టుటకు అదియే కారణమన్నవారును ఉన్నారు. ఏదియైనను ఆ మార్పువలన పియానోకు పెద్దపీట దొరకెను.

స్టూడియోలో పని ఒక పద్ధతి ప్రకారము నడచుచుండెను. వాద్యకుల సంఘము నియమము ననుసరించి ఒక్కొక్క కొలువు మూడు గంటలు. ఉదయము పది గంటలకు ఒకటి, మధ్యాహ్నము రెండింటికి ఒకటి, సాయంకాల మారింటికి ఒకటి, రాత్రి పదింటికి మరొకటి. ఒక్కొక్క కొలువులో మూడు నాలుగు పాటలు పూర్తిచేయవలెను. చేతికి అందిన పాట అంతకుముందు ఎన్నడును వినినది కాదు. స్వరలిపి వ్రాసి యుండదు. గాయకుడో, రచయితయో ఒక్కమారు పాడి వినిపించును. లేక నమూనా రికార్డు వేయుదురు. కొలది నిముషములలో ఎవరెవరు ఎచ్చట వాయింపవలెనో వారికి వారే నిర్ణయించుకొందురు. వెంటనే రికార్డింగు. ఈ పనిలో ఆరితేరిన కొద్దిమందినే నిర్మాతలు మరల మరల పిలుచుచుండిరి. గిటారుపై హెరాల్డ్ బ్రాడ్లీ, గ్రేడీ మార్టిన్, బాస్‌పై బాబ్ మూర్, డ్రమ్ములపై బడ్డీ హార్మన్ మొదలైనవారితో కూడిన ఆ జట్టును ‘ఏ-టీమ్’ అని పిలిచిరి.

వీరు త్వరగా పాటను గుర్తుంచుకొనుటకు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. జోర్డనేర్స్ అను గాయకబృందములోని నీల్ మాథ్యూస్ దీనికి ఆద్యుడు. చార్లీ మెకాయ్ మున్నగు వాద్యకులు 1960వ దశకమున దానిని విస్తరించిరి. స్వరసంపుటులను అక్షరములతో గాక ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలతో చెప్పుకొనుటయే ఆ పద్ధతి. ఆధారషడ్జమము ఒకటి, దానినుండి నాలుగవ స్వరముపై నిలిచినది నాలుగు. షడ్జమమును ఏ శ్రుతిలో నిలిపినను సరిగమల పరస్పరసంబంధము మారదు గదా! అట్లే గాయకుని గొంతు నలతగా ఉండి శ్రుతి తగ్గింపవలసి వచ్చినను అంకెలు మారవు. ఒక కాగితపు ముక్కపై పాట యావత్తును ఇమిడ్చి, తక్కినవారు దానిని చూచి వాయించిరి. ఎదుట నుంచిన కాగితము రాబిన్స్‌కు కనబడదు. వినికిడియు, జ్ఞాపకమును అతనికి ప్రధానాధారములు. ఒక్కమారు విన్న పాటను ఇట్టే పట్టుకొనువాడని తోటివారిలో అతడు పేరుపొందెను.

మొదటి మెట్టు

యువకుడైన రాబిన్స్‌కు అవకాశము కలిగించినది జార్జ్ జోన్స్ పాడిన ‘వైట్ లైట్నింగ్’ అను పాట. ‘బిగ్ బాపర్’ అను మారుపేరుతో ప్రసిద్ధుడైన జె.పి. రిచర్డ్‌సన్ దాని రచయిత. 1959 ఫిబ్రవరి 3వ తేదీన విమానప్రమాదములో ఆ రచయిత మరణించెను. అదే సంవత్సరమున ఆ పాట కంట్రీ పట్టికలో ప్రథమస్థానమునకు ఎక్కెను. జార్జ్ జోన్స్ జీవితములో ఆ స్థానము నందుకొన్న మొదటి పాట అదియే. దొంగసారా కాచువాని గూర్చిన ఆ అల్లరిపాటలో పియానో గంతులు వేయుచు పరుగెత్తును. ఈ చేతులు ఎవరివని నిర్మాతలు ఆరా తీయ మొదలిడిరి.

అతనికి తానే గాయకుడు కావలెనను కోరిక లేకపోలేదు. ఆ 1959లోనే ‘మెల్ రాబిన్స్’ అను పేరుతో ‘సేవ్ ఇట్’ అను రాక్ అండ్ రోల్ పాటను ఆర్గో కంపెనీకి పాడెను. ఆ రికార్డు ఆనాడు ప్రసిద్ధికి రాలేదు. చాలకాలము తరువాత పాత రాక్ రికార్డులను ప్రోగుచేయువారు దానిని అపురూపముగా ఎంచిరి. గాయకుడు మెల్ రాబిన్స్ కనుమరుగయ్యెను. పియానో రాబిన్స్ మిగిలెను.

రెండు దారులు

ఆ సమయమున నాష్‌విల్ పియానోకు ఫ్లాయిడ్ క్రేమర్ రాజు. లూసియానా రాష్ట్రమున 1933లో పుట్టి, అర్కన్సాలోని ఒక మిల్లు ఊరిలో పెరిగి, తనకు తానే పియానో నేర్చుకొన్నవాడతడు. 1956 జనవరిలో ఎల్విస్ పాడిన ‘హార్ట్‌బ్రేక్ హోటల్’లో పియానో అతనిదే. జిమ్ రీవ్స్, రాయ్ ఆర్బిసన్, ఎవర్లీ సోదరులు మొదలైనవారి పాటలకు అతడు వాయించెను.

అతని పేరు విడదీయరాక పెనవేసుకొన్న బాణి యొకటి కలదు. పియానో మెట్లుగల వాద్యము. వీణపై తీగను లాగి ఒక స్వరమును మరియొక స్వరములోనికి జార్చినట్లు పియానోపై జార్చుటకు వీలులేదు. ఒక మెట్టునకు ఒకే స్వరము. అందువలన గమకము దానికి అందని పండు. అయితే వాయింపవలసిన స్వరమునకు క్రిందనున్న స్వరమును రెప్పపాటుకాలము తాకి, వెంటనే అసలు స్వరముపైకి వ్రేలిని జార్చినచో, చెవికి జారుడు వంటి భ్రాంతి కలుగును. స్టీలు గిటారు ఏడ్పును పియానో అనుకరించినట్లుండును. గేయరచయిత డాన్ రాబర్ట్‌సన్ తన నమూనా రికార్డులో ఇట్లు వాయించియుండగా, అట్లే వాయింపుమని చెట్ అట్కిన్స్ క్రేమర్‌ను కోరెను. 1960లో హ్యాంక్ లాక్లిన్ పాడిన ఆ పాట పదునాలుగు వారములు ప్రథమస్థానమున నిలిచెను. బాణి రాబర్ట్‌సన్‌ది, లోకమునకు తెలిపినవాడు క్రేమర్.

అదే సంవత్సరమున క్రేమర్ ఆ బాణిలో గాత్రము లేని తన సొంత రచన ‘లాస్ట్ డేట్’ను విడుదల చేసెను. అది దేశపు పట్టికలో రెండవస్థానము వరకు పోయెను. దానిని పైకి పోనీయక అడ్డు నిలిచినది ఎల్విస్ పాడిన ‘ఆర్ యూ లోన్‌సమ్ టునైట్’. ఆ పాట తయారైన 1960 ఏప్రిల్ కొలువులలో ఎల్విస్ బృందమున పియానో వద్ద కూర్చున్నవాడు క్రేమరే! ఇతరులకు కొలువు చేయుటకును, తన పేరు నిలుపుకొనుటకును గల వైరము ఇంతకంటె స్పష్టముగా కనబడదు.

‘లాస్ట్ డేట్’ విజయముతో క్రేమర్ దారి మారెను. సొంత రికార్డులు, సొంత కచేరీలు పెరిగినవి. ఇతరుల పాటలకు తీరిక తగ్గెను. స్టూడియోలలో ఖాళీ పడిన ఆ ఆసనమునకు నిర్మాతలు పిలిచినది రాబిన్స్‌ను. పాట్సీ క్లైన్ అను గాయని రికార్డులలో ఈ ఇరువురిని ప్రక్కప్రక్కన వినవచ్చును. 1960 నవంబరులో ఆమె పాడిన ‘ఐ ఫాల్ టు పీసెస్’లో పియానో రాబిన్స్‌ది, మరుసటి సంవత్సరము పాడిన ‘క్రేజీ’లో క్రేమర్‌ది. ఒకడు వేదిక ముందుకు నడచెను. ఒకడు తెరవెనుకనే నిలిచెను. ఇందులో ఒకరిది ఉత్తమము, మరొకరిది అధమము అనుటకు వీలులేదు. కాని రెండవ దారి పట్టినవానికి వేరొక విధమైన నిగ్రహము కావలయును.

ఊరకుండుట యను విద్య

ఆ నిగ్రహమేదో తెలియుటకు అతని రికార్డులను ఓపికతో వినవలెను. గాయని చరణము పాడుచున్నంతసేపు పియానో దాదాపు మౌనముగా ఉండును. ఆమె ఊపిరి పీల్చుకొను చోట రెండు మూడు స్వరములు పలుకును. ఆమె మరల అందుకొనగానే తప్పుకొనును. మన ఫిడేలు విద్వాంసుడు ఆలాపనలో గాయకుని వెంట నీడవలె పోయి, విరామమున తన మాట చెప్పినట్లే యిది. ఎక్కువ వాయింపగలవాడు తక్కువ వాయించుట, అదియు తక్కువైనట్లు తోపక వాయించుట, ఈ విద్యలోని రహస్యము.

1966 ఫిబ్రవరిలో ఈ విద్యకు వింత పరీక్ష యొకటి వచ్చెను. న్యూయార్కు నుండి బాబ్ డిలన్ అను యువకవి, రాక్ గాయకుడు, నాష్‌విల్‌లోని కొలంబియా స్టూడియోకు వచ్చెను. మూడుగంటలకు నాలుగు పాటలు ముగించుట కలవాటుపడిన నాష్‌విల్ వాద్యకులు, డిలన్ స్టూడియోలో కూర్చుండి పాట వ్రాయుచుండగా గంటలకొలది వేచియుండవలసి వచ్చెను. పేకాటతో, టేబిలు టెన్నిసుతో కాలము గడపిరి. తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు డిలన్ పిలిచి ‘శాడ్ ఐడ్ లేడీ ఆఫ్ ది లోలాండ్స్’ను ఆరంభించెను. సాధారణముగా పాట మూడు నిముషములు. వాద్యకులు ఆ లెక్కనే రెండవ చరణము చివర వేగమును, బలమును పెంచిరి. పాట ఆగలేదు. మరల తగ్గి మరల పెంచిరి. అప్పుడును ఆగలేదు. పదునొకండు నిముషములు దాటిన పిమ్మట అది ముగిసెను. ఎప్పుడు ముగియునో తెలియని ఆ ప్రయాణములో ఎవ్వరును త్రోవ తప్పలేదు. వారిలో పియానో వద్ద నుండినవాడు రాబిన్స్.

ఆ కొలువులనుండి వెలువడిన ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ రాక్ సంగీతచరిత్రలో మైలురాయి. అప్పటివరకు కంట్రీ సంగీతము వేరు, రాక్ వేరు అని గీత గీచుకొన్నవారు, నాష్‌విల్ వాద్యకులు రెంటికిని పనికివత్తురని గ్రహించిరి. తరువాత రాక్ గాయకులు పలువురు ఆ నగరము దారి పట్టిరి. లియాన్ రసెల్ తానే పేరుమోసిన పియానో వాద్యకుడయ్యు, 1973లో వెలువరించిన తన కంట్రీ రికార్డుకు రాబిన్స్‌ను పిలిచెను. మార్గము వేరైనను చెవి యొకటియే అని తెలిసినవానికి ఈ గీతలు అడ్డురావు.

ఇతరుల పేర, ఇతరుల పాట

లొరెటా లిన్ తన బాల్యపు పేదరికమును గూర్చి పాడి 1970లో విడుదల చేసిన ‘కోల్ మైనర్స్ డాటర్’లో పియానో అతనిదే. 1973లో చార్లీ రిచ్ పాడిన ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’ మరియొక విచిత్రము. చార్లీ రిచ్ స్వయముగా గొప్ప పియానో వాద్యకుడు. పాట మొదట వినవచ్చు పియానో గాయకునిదే అని వినువారనుకొనుట సహజము. ఆ వ్రేళ్లు రాబిన్స్‌వి. తన వాద్యమే మరొకరిదిగా చెలామణి యగుచుండ చూచి ఊరకుండుటకు పెద్ద మనస్సు కావలెను.

క్రిస్టల్ గేల్ పాట కథ ఇంకను చిత్రమైనది. నిర్మాత అలెన్ రేనాల్డ్స్ స్టూడియోలో ఆ పాటను పట్టినపుడు, ఆ నాంది ఎవ్వరును వ్రాసియిచ్చినది కాదు. పాటను విని, రాబిన్స్ అక్కడికక్కడే కల్పించెను. మొదటి ప్రయత్నముననే రికార్డు కుదిరెను. ఆ పాట గాయనికి గ్రామీ బహుమానము తెచ్చిపెట్టెను. ఈనాడు ఎవరైన ఆ పాటను పాడదలచినచో ఆ పియానో స్వరములతోనే ఎత్తుకొనవలెను. లేనిచో అది ఆ పాట అనిపించుకొనదు. ఇట్లు పాటలో విడదీయరాని భాగమైనను, స్టూడియో లెక్కలో అది రచన కాదు, మూడుగంటల పని. సంఘము నిర్ణయించిన రుసుముతో ఆ ఋణము తీరిపోవును. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడుపోయినను రచయితకు వచ్చు వాటా వాద్యకునికి రాదు. ఈ న్యాయము సరియైనదా యను వాదము సంగీతలోకమున ఇప్పటికిని తీరలేదు.

పేరు అసలే లేకపోలేదు. 1975లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘నాష్‌విల్’ అను చలనచిత్రపు ఆరంభమున ఒక గర్విష్ఠి గాయకుడు, స్టూడియోలో మరొక పియానో వాద్యకుని చూచి, తాను పిగ్‌ను కోరగా వీనినేల తెచ్చితిరని మండిపడును. ఊరిలోని వారికి ఆ మాటలోని చమత్కారము వెంటనే అర్థమగును. మరుసటి సంవత్సరము, 1976లో, కంట్రీ సంగీత సంఘము అతనిని ఆ యేటి వాద్యకునిగా ఎన్నుకొనెను. ఆ బిరుదునే పేరుగా పెట్టి అతడు 1977లో వెలువరించిన సొంత రికార్డునకు గ్రామీ బహుమానము లభించెను. అయినను క్రేమర్ వలె అతడు కొలువు విడిచి పోలేదు. బహుమానము నందుకొని, మరునాడు మరల ఎవరి పాటకో పియానో ముందు కూర్చుండెను.

చివరి చరణము

కాలముతో స్టూడియోలు మారినవి. అందరు ఒకేచోట కూర్చుండి ఒక్కపట్టున వాయించు పద్ధతి సన్నగిల్లి, ఒక్కొక్క వాద్యమును వేర్వేరుగా పట్టి అతుకు పద్ధతి వచ్చినది. విద్యుత్ వాద్యములు, కంప్యూటర్లు వచ్చినవి. ఏ-టీమ్‌లోని పెద్దలు ఒక్కరొక్కరే తప్పుకొనిరి. క్రేమర్ 1997 డిసెంబరు 31వ తేదీన కన్నుమూసెను. రాబిన్స్ మాత్రము వాయించుచునే యుండెను. 2000లో కంట్రీ సంగీత సంఘము అతనిని మరల ఆ యేటి వాద్యకునిగా గౌరవించెను. మొదటి గౌరవమునకును దీనికిని నడుమ ఇరువదినాలుగు సంవత్సరములు గడచినవి. 2013లో స్టర్జిల్ సింప్సన్ అను యువగాయకుడు తన మొదటి సొంత రికార్డును చేయునప్పుడు, పాత నాష్‌విల్ ధ్వని కావలెనని కోరి పిలిపించుకొన్న పియానో వాద్యకుడు, డెబ్బదియైదేండ్ల వయస్సునకు చేరిన రాబిన్సే.

2012లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అతనిని తనలో చేర్చుకొనెను. ఆ సంవత్సరమే ఆ గౌరవము పొందిన ఇతరులు గార్త్ బ్రూక్స్, కొనీ స్మిత్. ఒకరు కోట్లకొలది రికార్డులు అమ్మిన గాయకుడు. ఒకరు అందరు మెచ్చిన గాయని. వారి సరసన నిలువబడినది ఒక పక్కవాద్యము. 2022 జనవరి 30వ తేదీన, ఎనుబదినాలుగేండ్ల వయస్సున రాబిన్స్ మరణించెను. అతడు వాయించిన పాటల జాబితా వేలలోనికి పోవును. వానిలో అనేకములలో అతని పేరు కానరాదు.

అతనికి దక్కినదేమి? ధనము కొంత, గౌరవము ఆలస్యముగా. కాని దక్కినదానిలో మొదటిది మరొకటి: కావలసినంతసేపు పియానో వాయించు హక్కు. అంధుల పాఠశాలలో ఏ హక్కునకై మసిబారిన త్రోవన దూరి దెబ్బలాడెనో, ఆ హక్కు అతనికి అయిదు దశాబ్దములకు పైగా రోజుకు ఒకమారు గాక కొన్ని దినములలో నాలుగుమార్లు లభించెను. పర్యవేక్షకుడు విసుగుతో అన్న ‘పిగ్’ అను మాటను ఆ గౌరవసభ తుడిచివేయలేదు. హార్గస్ ‘పిగ్’ రాబిన్స్ అనియే పిలిచి అతనిని చేర్చుకొనెను.

పాఠశాల విడిచిన సాయంకాలము, మూసిన గదిలోనుండి ఎవరో హార్మోనియము మెట్లు తడవుచున్న చప్పుడు వినవచ్చినచో, తాళపుచెవి చేతనున్న ఉపాధ్యాయుడు తలుపు తట్టుటకు ముందు కొంతసేపు నిలిచి వినవచ్చును.